ఆవకాయ సాక్ష్యం

రమణమ్మకు భయపడటం చిన్నప్పటి నుంచీ అలవాటే. శబరి నది పొంగితే భయం, పొంగకపోతే అంతా కలిపి ఒక్కసారే పొంగుతుందేమోనని భయం. రోడ్డు మీద లారీ హారన్ కొడితే భయం, ఒక్క లారీ కూడా కనబడకపోతే అవతల ఏం జరిగిందోనని ఇంకా భయం. ఛత్తీస్‌గఢ్ అంచున ఈ కొంటాలో కాపురం చేసే ఆడదానికి ఆ మాత్రం భయం లేకపోతే ఎట్లా అని ఆమె వాదన. ముప్పై మూడేళ్ల కిందట చర్ల నుంచి కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె చూసినవన్నీ తలచుకుంటే ఆ వాదనను కొట్టిపారెయ్యడానికి లేదు. దుకాణంలోకి రెండుసార్లు నడుముల్లోతు నీళ్లు వచ్చాయి. బస్సులు రాని వారాలున్నాయి, పగలే షట్టర్లు దించుకున్న రోజులున్నాయి. అన్నిటినీ దాటుకుని భీమశంకరం కిరాణా దుకాణం హైవే పక్కన నిలబడే ఉంది. ఆ దుకాణంలో తక్కెడ వెనక అతని భార్య రమణమ్మ కూడా భయపడుతూనే నిలబడి ఉంది.

యాభై ఒకటో ఏట వచ్చిన భయం మాత్రం వేరే రకం. అది నదిలోంచీ రాలేదు, రోడ్డు మీంచీ రాలేదు. ఒంట్లోంచే వచ్చింది.

ఒక మధ్యాహ్నం కందిపప్పు తూస్తుండగా గుండెల కింద ఎక్కడో సెగ పుట్టి, మెడ మీదుగా చెవుల దాకా పాకింది. జాకెట్టు తడిసిపోయింది. గుండె దడదడలాడింది. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఇదేం తెలియదు, "ఇంకో పావు వెయ్యమ్మా" అంటున్నాడు. రెండు నిమిషాల్లో సెగ దిగిపోయి చలి పట్టుకుంది. ఇక అయిపోయిందనుకుంది రమణమ్మ. భీమశంకరం హడలిపోయి ఆమెను ఆ పూటే భద్రాచలం తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు గుండె పరీక్ష చేసి, గుండె గట్టిగానే ఉందన్నాడు. ముట్లు ఆగిపోయాయా అని అడిగాడు. నెలల నుంచి లేవని ఆమె తల వంచుకుని చెప్పింది. ఈ వయసులో అందరికీ ఉండేదే, రోజూ ముప్పావు గంట నడవండి అన్నాడు. రమణమ్మకు ఒళ్లు మండింది. నడవమని చెప్పడానికి డాక్టరు చదువు చదవాలా?

నిజానికి ముట్లు ఆగిపోయినందుకు ఆమె బాధపడలేదు. ఆ ఇంట్లో అది పెద్దరికం. వాళ్ల ఇళ్లలో ఆవకాయ పెట్టేది, జాడీ మూత తీసేది, దేవుడి గదిలో నిత్యం దీపం పెట్టేది ముట్లుడిగిన ఆడదే. అంటు చెయ్యి తగిలితే జాడీ బూజు పడుతుందని వాళ్ల నమ్మకం. ముప్పై ఏళ్లు అత్తగారి నోట "దూరం జరుగు, జాడీ ఉన్నది" అన్న మాట విని విని, చివరికి సామాన్ల గది తాళంచెవి తన బొడ్లోకి వచ్చిన రోజున రమణమ్మ తహసీల్దారు కుర్చీ ఎక్కినట్టే నడిచింది. కోడలు మాధురితో మొదటిసారి "దూరం జరుగు" అన్నది కూడా ఆ రోజే. అనేటప్పుడు నోటికి ఎంత రుచిగా ఉందో దేవుడికెరుక.

ఎవరికీ చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. భర్త దగ్గరికి వస్తే ఆమెకు నొప్పి. లోపలంతా ఎండిపోయినట్టు, గీసుకుపోయినట్టు ఉండేది. భీమశంకరం మొరటు మనిషి కాడు. అయినా అతని చెయ్యి భుజం మీద పడగానే ఆమె ఒళ్లు బిగుసుకుపోయేది. కోరికా లేదు, నిద్రా లేదు, ఎవరినైనా అడుగుదామంటే నోరూ లేదు. అందుకని దేవుడిని అడ్డం పెట్టుకుంది. కార్తీకం అంది, శనివారం అంది, ఎక్కువగా ఏకాదశి అంది. ఏడాదికి ఇరవై నాలుగు ఏకాదశులుంటే రమణమ్మ ముప్పై ఆరు చేసింది. భీమశంకరం ఏమీ అనేవాడు కాదు. అనకపోవడం ఆమెను ఇంకా భయపెట్టింది. మగవాడు అడగడం మానేశాడంటే మనసు మళ్లిపోయిందనే ఆమె విన్నది.

ఈ భయమే చివరికి ఆమెను నడకకు దించింది. కానీ కొంటాలో సావుకారి ఇంటి ఆడది పని లేకుండా నడవడమంటే మాటలు కాదు. మొదటి రోజు వంతెన దాకా పోయి వచ్చేసరికి ఏడుగురు ఆపి అడిగారు. ఇంట్లో గొడవైందా, ఎవరికన్నా బాగాలేదా, బండి చెడిపోయిందా అని. ఎనిమిదోవాడు ఆమెను అడగలేదు, మోటారుసైకిలు మీద తిన్నగా దుకాణానికి పోయి, మీ ఇంటామె వంతెన మీద ఒక్కతే ఉన్నదని భీమశంకరానికి చెప్పాడు. ఆయన తూకం మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. రెండో రోజు నుంచి రమణమ్మ చేతిలో ఒక ఖాళీ గుడ్డసంచి పట్టుకుంది. ఎవరు అడిగినా "కూరగాయలకు" అనేది. కూరగాయల సంత అటు పక్క కాదని అందరికీ తెలుసు, అయినా సంచి ఉంటే ఎవరూ మాట్లాడరు.

హుంగే ఆమెను సంచితోనే పట్టుకుంది. హుంగే ఆ పక్క పారాల మితానిన్. పారా అంటే వాడ, మితానిన్ అంటే వాడకొక ఆరోగ్యకార్యకర్త, ఛత్తీస్‌గఢ్ అంతటా అదే పిలుపు. దొర్ల తెగ ఆమె, యాభైకి దగ్గర్లో ఉంటుంది, తెలుగు, హిందీ, గోండీ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడగలదు. దుకాణంలో సబ్బుకు వచ్చినప్పుడు రమణమ్మ అట్టముక్కతో విసురుకోవడం చాలాసార్లు చూసింది.

"నీకు మంటలొస్తున్నయ్ గదా సావుకారమ్మా. నాకు గూడ వచ్చినయ్. ఒక్కదానివి ఎందుకు సంచి మోసుకుంట తిరుగుతవ్, నా వెంట రా. మితానిన్‌తోని పోతున్నదంటే ఎవడూ అడగడు" అంది.

అట్లా మొదలైంది. తెల్లవారగానే హుంగే వాకిట్లోకి వచ్చి పిలిచేది. ఇద్దరూ పొలాల గట్ల మీదుగా పారాల దాకా పోయేవాళ్లు. బాలింతల బరువులు చూస్తూ, మాత్రలు పంచుతూ హుంగే నడిస్తే వెనక రమణమ్మ ఆయాసపడుతూ నడిచేది. తిరిగొచ్చేటప్పుడు కల్వర్టు దగ్గర హుంగే ఆమెతో గుంజీళ్లు తీయించేది. ట్రైనింగులో నేర్చుకున్న ఇంకో కసరత్తు కూడా చెప్పింది. మూత్రం ఆపుకున్నట్టు లోపల బిగబట్టి, పది లెక్కపెట్టి వదలాలి. ఇది కూర్చున్న చోటే చెయ్యొచ్చు. రమణమ్మ తక్కెడ వెనక కూర్చుని శనగలు తూస్తూ చేసేది. ఆ ముఖం చూసి కొనేవాళ్లు తూకం పక్కాగా వేస్తున్నదనుకున్నారు.

ఆరు నెలలు గడిచాయి. సెగలు పూర్తిగా పోలేదు. వచ్చినా, రానీ, పోతుంది అనుకునే ధైర్యం వచ్చింది. రాత్రిళ్లు నిద్ర పట్టింది. తుమ్మినా దగ్గినా బట్ట తడిసే ఇబ్బంది తగ్గింది. అన్నిటికంటే వింత, ఒక రోజు భీమశంకరం బస్తా ఎత్తి భుజాన వేసుకుంటుంటే రమణమ్మ అతని వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. యాభై మూడేళ్ల ఆడది, ముట్లుడిగిన ఇంటి పెద్ద, దేవుడి గది దీపం తన చేతిదై ఉండి! ఆమెకు సిగ్గు కంటే ముందు భయమేసింది. ఇది రోగమా అనుకుంది. రోగమైతే ఇంత బాగుండదు కదా అని కూడా అనుకుంది.

మామిడికాయలు దిగాయి. ఒక శనివారం నూట యాభై కాయలు కొట్టించి, ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నువ్వులనూనె పోసి, అంటు రోజులు కాకపోతే కలపడానికి కోడలు సాయం పట్టొచ్చు గనక, మాధురి సాయంతో ఆరు జాడీలు నింపింది. మూతులకు గుడ్డ కట్టి వాసెన బిగించింది. మర్నాడు ఆదివారం మాధురి, కొడుకు ప్రేమ్‌కుమార్ సినిమాకని భద్రాచలం పోయారు. దుకాణం బంద్. ఇంట్లో ఇద్దరే. మధ్యాహ్నం భోజనం అయ్యాక భీమశంకరం చాప మీద ఒరిగి పేపరు చదువుతుంటే రమణమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. పేపరు పక్కన పెట్టి, "ఇయ్యాల ఏకాదశి కాదా?" అని అడిగాడతను. "కాదు" అంది రమణమ్మ. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఆమె భయపడకుండా అతని దగ్గరికి జరిగింది. కొంచెం నొప్పి పుట్టింది, అయినా సంతోషమే ఎక్కువగా ఉంది.

సోమవారం పొద్దున లంగా మీద ఎర్రటి మరక కనబడింది.

ఆమె బాత్రూములో ఆ బట్ట పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ముట్లు ఆగి రెండేళ్లు దాటింది. కొంచెం సేపటికి ఆమె బుర్ర దానికొక లెక్క చెప్పింది. నడిచాం, ఒళ్లు తేలికైంది, మనసు పడుచైంది, ఇక ఇది కూడా తిరిగొచ్చింది. అంతే అయి ఉంటుంది. ఆ లెక్కకు లోపల ఎక్కడో కొంచెం గర్వం కూడా కలిసింది. కానీ వెంటనే జాడీలు గుర్తొచ్చాయి. ఆవకాయ పెట్టిన మూడు రోజులకు వాసెన విప్పి అడుగు దాకా తిరగ కలపాలి. అంటే రేపే. తాను తప్ప వేరే చెయ్యి పెట్టడానికి లేదు. పెట్టనంటే ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పాలి? కొడుకూ కోడలూ వింటుండగా, నాకు మళ్లీ ముట్టు వచ్చిందని చెప్పాలా?

చెప్పలేదు. మంగళవారం తలస్నానం చేసి, వెయ్యి దండాలు పెట్టుకుని, చెయ్యి జాడీలో పెట్టింది.

అప్పటి నుంచి ఆమెకు జాడీల కాపలాయే పని అయింది. రోజుకు రెండుసార్లు సామాన్ల గది తాళం తీసి, వాసెన విప్పి, వాసన చూసి, నూనె మీద తెల్లటి చుక్క ఏదైనా ఉందా అని సెల్‌ఫోను లైటు వేసి వెతికేది. వారం అయింది, పది రోజులయింది. బూజు జాడ లేదు. ఎర్రగా, ఘాటుగా, నూనె తేలి నిగనిగలాడుతోంది. రమణమ్మ గుండె కుదుటపడింది. ఆవకాయే సాక్ష్యం. తన ఒంట్లో నిజంగా ఏదైనా తేడా ఉంటే ఆవకాయ చెప్పదా? చెప్పలేదంటే ఏమీ లేనట్టే. పదిహేనో రోజున మళ్లీ మరక పడితే, ఆమె డాక్టరు దగ్గరికి పోలేదు. జాడీ దగ్గరికి పోయింది. జాడీ బాగానే ఉంది.

ఆ మర్నాడు గట్టు మీద నడుస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "హుంగే, నీ నడక నాకు వయసు తిరిగి తెచ్చిందే. మళ్ల కనబడుతున్నది."

హుంగే నవ్వుతుందనుకుంది. హుంగే ఆగిపోయింది.

"ఏందది కనబడేది? ఎర్రగనా? ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. ఏందట్ల చూస్తవ్?"

"సావుకారమ్మా, నడిస్తే నిద్ర వస్తది, బలం వస్తది. ముట్టు రాదు. బంద్ అయి ఏడాది దాటినంక ఒక్క మరక పడ్డా డాక్టర్‌కు చూపియ్యాలె. మాకు ట్రైనింగ్‌ల చెప్పిన మాట ఇది." హుంగే గొంతు తగ్గించింది. "మా అక్క సోమికి గిట్లనే వచ్చింది. సిగ్గుపడి ఏడాది చెప్పలె. చెప్పేనాటికి లేచి కూసోలేకపోయింది. గర్భసంచిల కేన్సర్ అన్నరు."

రమణమ్మ గట్టు మీదే కూలబడింది. పక్కన పొలంలో ఎవరో ఎద్దులను అదిలిస్తున్నారు. ఆ కేక ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినబడింది.

"అందరికీ అదే అయితదని కాదు" అని హుంగే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "చాలామందికి ఏం ఉండదు. కానీ చూపియ్యకుండ తెల్వదు."

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి భీమశంకరం అన్నానికి లేవబోతుంటే రమణమ్మ ఆపింది. చెప్పేటప్పుడు అతని ముఖం చూడలేదు, కారం డబ్బా వైపు చూస్తూ చెప్పింది. అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఎప్పటిసంది?" అని అడిగాడు.

"ఆ ఆదివారం సంది."

భీమశంకరం ముఖం పాలిపోయింది. అన్నానికి లేవలేదు. "జగదల్‌పూర్ పోదాం. భద్రాచలంల అందరూ మనోళ్లే ఉంటరు" అన్నాడు. ఆ రోజు నుంచి అతని చాప ముందుగదిలోకి మారింది. రమణమ్మ చూసింది, అడగలేదు. రోగిష్టిదాన్నని అసహ్యం పుట్టిందనుకుంది. చావు భయం పక్కన ఆ భయం కూడా చేరి కూర్చుంది.

జగదల్‌పూర్ ఐదారు గంటల ప్రయాణం. ఆ రోడ్డంటే రమణమ్మకు ఎప్పుడూ హడలే. సుక్మా దాటాక ఘాట్ మలుపుల్లో కళ్లు మూసుకుని దండకం చదువుకునేది. ఆ రోజు చదవలేదు. బస్సు అంచున ఊగినా ఆమెకు పట్టలేదు. పెద్ద భయం వచ్చి చిన్న భయాలన్నిటినీ మింగేసిందని ఆమెకే తెలిసింది. భీమశంకరం పక్క సీట్లో కూర్చుని, నీళ్ల సీసా రెండు చేతులతో పట్టుకుని, కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు.

హుంగే చెప్పిన లేడీ డాక్టరు చిన్న వయసామె. తెలుగు ఒక్క ముక్క రాదు. హిందీలోనే నెమ్మదిగా అన్నీ అడిగింది, స్కానింగ్ చేసింది, లోపల నుంచి గోరంత ముక్క తీసింది. పరీక్షకు పంపాలి, పది రోజులు పడుతుందంది. కేన్సరా అని భీమశంకరం అడిగితే, ఎక్కువమందికి కాదు, కానీ చూడకుండా నేను మాట ఇవ్వను అంది.

ఆ పది రోజులు ఆ ఇంట్లో గడియారం నడిచిందో లేదో ఎవరికీ తెలియదు. కొడుక్కీ కోడలికీ ఆమెకు నడుం నొప్పి అని చెప్పారు. హుంగే పొద్దున్నే వాకిట్లోకి వచ్చి పిలిచింది, రమణమ్మ పలకలేదు. నడక మానేసింది. నడిస్తే లోపల ఏదో కదిలి ఇంకా రక్తం వస్తుందేమోనని భయం. నాలుగు రోజుల్లో నిద్ర దూరమైంది, సెగలు మళ్లీ కమ్ముకొచ్చాయి. ఇన్నాళ్లూ వాటిని తట్టుకున్న ధైర్యమూ పోయింది. కంచంలో అన్నం కలిపి అట్లాగే వదిలేసేది. తాను పోతే ఈ ఇంట్లో దీపం ఎవరు పెడతారని ఆలోచించేది. ముందుగదిలో చాప వేసుకున్న మనిషి ఏడాది తిరక్కుండానే మళ్లీ పెళ్లి చేసుకుంటాడేమోనని కూడా ఆలోచించి, ఆ ఆలోచన వచ్చినందుకు ఏడ్చేది.

ఏడో రోజున మాధురిని సామాన్ల గదిలోకి పిలిచింది. తాళంచెవి చేతికిచ్చి, "నేర్చుకో. వంద కాయకు ఉప్పు ఇంత, ఆవపిండి ఇంత" అని మొదలుపెట్టింది. మాధురి ఆ తాళంచెవిని వేడి పెనం పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఇప్పుడెందుకు అత్తయ్యా ఇవన్నీ? నాకింకా..."

"నేను లేనప్పుడు ఎవరు పెడతరు? నీకు బంద్ అయిందాక ఆగడానికి కాయలు ఆగవు గదా. చూడు, ఎట్ల ఉన్నదో. బూజు పట్టలేదు. పట్టలేదంటే నా చెయ్యి మంచిదే." చివరి మాట రమణమ్మ తనకు తానే చెప్పుకుంది.

మాధురి జాడీ వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది. "అత్తయ్యా, ఒక మాట చెప్తే నన్ను తిట్టొద్దు. ఆ శనివారం నాకు రెండో రోజు. కాయలన్నీ కొట్టించి పెట్టిన్రు. మీ చేతులు నొప్పులు. దూరం ఉంటే మీరొక్కరే కలపాలె. అందుకే చెప్పలేదు. ఆరు జాడీల్లో సగం నేనే కలిపిన."

వేరే రోజైతే రమణమ్మ ఆ ఇల్లు పైకప్పు లేచిపోయేలా అరిచేది. ఇప్పుడు లెక్క వేసుకుంది. కోడలి అంటు తగిలింది, తన అంటు తగిలింది, అయినా ఆవకాయకు ఏమీ కాలేదు. అంటే ఆవకాయకు ఏమీ తెలియదు. ఎవరు కలిపినా అది అట్లాగే ఉంటుంది. మరి ఇన్నాళ్లు ఏం చూసి తనకేం కాలేదనుకుంది? ఆమె చేతిలో ఉన్న ఒక్కగానొక్క సాక్ష్యం గుడ్డపేలికలా జారిపోయింది. ఒళ్లంతా సెగ కమ్మింది. బియ్యం బస్తా మీద కూలబడి, కోడలి ముందు మొదటిసారి ఏడ్చింది.

"నాకు భయమైతున్నదే మాధురీ. చచ్చిపోతనేమో."

మాధురి అంతా విన్నది. విన్నాక జాడీలు నెట్టి పక్కన కూర్చుని అత్తగారి తల తన భుజం మీదికి తీసుకుంది. ఆ గదిలో "దూరం జరుగు" అన్న మాట ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు.

పదకొండో రోజున మళ్లీ అదే బస్సు, అదే గది. డాక్టరు కవరు విప్పి చదువుతుంటే రమణమ్మ కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంది. భీమశంకరం నిలబడే ఉన్నాడు.

కేన్సర్ లేదు, డాక్టరు ముందు ఆ మాటే చెప్పింది. తర్వాత మిగతావి వివరించింది. ముట్లు ఆగాక లోపలి పొర పల్చబడుతుంది, ఉతికి ఉతికి నలిగిన పాత చీరలాగా. కొంచెం రాపిడికే చిరిగి మరక పడుతుంది. దానికి పూత మందు ఉంది. నడకతో ముట్లు తిరిగిరావు, నడక వల్ల రక్తమూ రాదు. నడక, ఆ బిగబట్టే కసరత్తు మానొద్దు. వాటితో చాలామందికి నిద్ర, బలం, కోరిక బాగుపడతాయి, నీకూ అయింది కదా. మళ్లీ ఒక్క మరక కనబడినా మాత్రం అదే రోజు రావాలి. రమణమ్మ ఇవన్నీ విన్నది, కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

భీమశంకరం అప్పటికే తలుపు దగ్గరికి పోయాడు. రమణమ్మ లేవలేదు. ఇంకొకటి అడగాలి. తెలుగులోనైతే ఆమె ప్రాణం పోయినా అడగలేదు. తెలుగులో ఆ మాటలను పోయిన అత్తగారు వింటుంది, చర్ల మేనత్తలు వింటారు, దేవుడి గది వింటుంది. హిందీలో ఎవరూ వినరు. హిందీ ఉప్పూపప్పూ అమ్మిన భాష, ఫారాలు నింపిన భాష.

"డాక్టర్ సాబ్, మియా బీవీ వాలీ బాత్ పూఛ్‌నీ హై" అంది. అని, భార్యాభర్తల్లా ఉండొచ్చా, ఉంటే మళ్లీ ఇట్లా అవుతుందా, నేను చస్తానా, అన్నీ ఒకదాని వెంట ఒకటి హిందీలో అడిగేసింది. తలుపు దగ్గర భీమశంకరం గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోయాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

డాక్టరు నవ్వలేదు. పూత మందు కొన్ని వారాలు వాడాక నిశ్చింతగా ఉండొచ్చంది. నొప్పి ఉంటే ఆగాలి, దాచకుండా చెప్పాలి, దాని వల్ల ఎవరూ చావరు అంది. చివరి మాట ఆమె రమణమ్మతో కాకుండా క్యాలెండరు ముందు నిలబడ్డ వీపుతో చెప్పింది.

తిరుగు బస్సులో ఘాట్ మలుపులు రాగానే రమణమ్మకు మళ్లీ భయమేసింది. లోయ వైపు చూసి కళ్లు మూసుకుని దండకం అందుకుంది. చిన్న భయం తిరిగొచ్చినందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. సుక్మా దాటాక భీమశంకరం గొంతు సవరించుకున్నాడు.

"నా వల్లే అయిందనుకున్న. ఆ ఆదివారం నేనే నిన్ను చంపిన అనుకున్న. అందుకే ముందుగదిల పండుకున్న. దగ్గర పండుకుంటే చెయ్యి వేస్తనేమోనని."

రమణమ్మ కళ్లు తెరిచి చూసింది. అతని గడ్డం పది రోజులుగా గీయలేదని అప్పుడు గమనించింది. తానొక్కతే భయపడుతున్నాననుకుని, పక్కన ఇంత భయం కూర్చుని ఉంటే ఆమె చూడలేదు.

కొంటా దీపాలు కనబడే వేళకు అతను ముందు సీటు వెనక ఉన్న మేకు వైపు చూస్తూ అడిగాడు.

"క్యాలెండర్ల చూసిన. ఎల్లుండి ఏకాదశి. అది దేవుడిదా, నీదా?"

అతనికి రెండేళ్ల నుంచీ తెలుసు. ఏటా ముప్పై ఆరింటినీ లెక్కపెట్టి, ఒక్కదాన్నీ అడగకుండా ఊరుకున్నాడు. రమణమ్మకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"దేవుడిదే" అంది. "నావి అయిపోయినయ్."

ఇంటికి చేరగానే ఆమె ముందుగదిలోని చాప చుట్టి లోపల పెట్టింది. మర్నాడు తెల్లవారి హుంగే పిలుపుకు తలుపు తీసేసరికి, భీమశంకరం చెప్పులేసుకుని వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు. చేతిలో ఆ ఖాళీ సంచి ఉంది.